మెదడులో బినైన్ గడ్డ అన్నారు సరే, ఆగాలా, కోయించాలా, రేడియేషన్ ఇప్పించాలా?

అక్క తల స్కాన్ రిపోర్టు చేతికొచ్చిన సాయంత్రం మా బావ తిరుపతి నుంచి ఫోన్ చేసి, "బినైన్ అంట, క్యాన్సర్ కాదంట, ఆ ఏడుకొండలవాడి దయ" అన్నాడు. రెండు నిమిషాలు మాట్లాడాక గొంతు మారిపోయింది. "క్యాన్సర్ కాకపోతే మరి తల ఎందుకు తెరవాలంటున్నారు?" అని అడిగాడు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. అక్కకు ఆపరేషన్ అయి నాలుగేళ్లు దాటింది, మధ్యలో మా మేనమామకు ఇంకో రకం గడ్డ బయటపడి వేరే దారిలో వైద్యం జరిగింది, ఈ రెండింటికీ చిత్తూరు నుంచి తిరుపతికీ వేలూరుకీ బెంగుళూరుకీ ఫైళ్లు పట్టుకుని తిరిగిన తిరుగుడులో నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నా. ఏ దారి ఎవరికి నప్పుతుంది, ఏ దారిలో ఏం పోగొట్టుకునే ప్రమాదం ఉంది అన్నది తెలుసుకుని మీరు డాక్టరు ముందు కూర్చోవాలని నా కోరిక.

ముందు ఆ మాట సంగతి. బినైన్ అంటే గడ్డలోని కణాల గురించి చెప్పే మాట. అవి నెమ్మదిగా పెరుగుతాయి, ఒంట్లో వేరే చోటికి పాకవు, అంతే. ఆ గడ్డ ఎక్కడ కూర్చుందో ఆ మాట చెప్పదు. పుర్రె మూసిన డబ్బా లాంటిది, లోపల ఖాళీ జాగా లేదు. చూపు నరానికి ఆనుకుని ఒకటిన్నర సెంటీమీటర్ల గడ్డ ఉంటే కన్ను పోవచ్చు, అదే నుదుటి వైపు పైపొరకు అంటుకుని రెండున్నర సెంటీమీటర్లు ఉన్నా ఏళ్ల తరబడి మనిషికి తెలియకపోవచ్చు. అందుకే "తీయించాలా వద్దా" కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న "ఏ రకం, ఎక్కడ, దేనికి ఆనుకుని ఉంది" అన్నది. స్కాన్ తెరిచి చూపించి ఇది చెప్పమని డాక్టరును అడగండి, మొహమాటపడకండి.

ఎక్కువగా కనిపించేవి మూడు రకాలు. మెదడును కప్పే పొర నుంచి పుట్టేది మెనింజియోమా. మెదడులోనూ దాని పొరల్లోనూ పుట్టే గడ్డల్లో మూడో వంతుకు పైగా ఇవే, మగవాళ్లలో కన్నా ఆడవాళ్లలో దాదాపు రెట్టింపు, వీటిలో 80 శాతం వరకు గ్రేడ్ 1, అంటే నెమ్మది రకం. అక్కకు వచ్చింది ఇదే. రెండోది వినికిడి, బ్యాలెన్స్ చూసే నరం పొర మీద వచ్చే ష్వానోమా, పాత డాక్టర్లు అకూస్టిక్ న్యూరోమా అంటారు, మామయ్యది అది. మూడోది మెదడు అడుగున హార్మోన్లను నడిపే పిట్యూటరీ గ్రంథిలో వచ్చే గడ్డ. ఇవి కాక క్రేనియోఫారింజియోమా అని ఒకటుంది, పేరుకు బినైనే అయినా చూపు నరాలకూ, ఆకలినీ హార్మోన్లనూ నడిపే భాగానికీ అతుక్కుని ఉంటుంది కాబట్టి చాలా మొండిది, పిల్లల్లోనూ వస్తుంది. దానికి మాత్రం ఏ మాత్రం ఆలోచించకుండా పెద్ద సెంటర్‌కే వెళ్లండి.

ఆగి చూడటం కూడా వైద్యమే

తలనొప్పి అని, లేదా బైక్ మీద పడ్డామని స్కాన్ తీయిస్తే అనుకోకుండా చిన్న మెనింజియోమా కనిపించడం ఇప్పుడు మామూలైపోయింది. లక్షణాలు లేవు, చుట్టూ వాపు లేదు, రెండు మూడు సెంటీమీటర్ల లోపే ఉంది, లోపల సున్నం పేరుకున్నట్టు కనిపిస్తోంది, మనిషి వయసు అరవై దాటింది, ఇలాంటప్పుడు చాలామంది మంచి సర్జన్లు కత్తి పట్టుకోరు. ఆర్నెల్లకు ఒకసారి స్కాన్ తీసి, పెరుగుదల లేకపోతే ఆ తర్వాత ఏడాదికొకసారి చూస్తారు. వీటిలో చాలా గడ్డలు ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి పెరగవు, కొన్ని అసలు కదలవు.

మన ఇళ్లల్లో దీన్ని ఒప్పుకోవడం కష్టం. "తలలో గడ్డ పెట్టుకుని ఊరికే ఉంటారా" అని పెళ్లికొచ్చిన ప్రతి చుట్టమూ అంటారు. ఆ టెన్షన్ నిజమైనదే, కొంతమందికి ఆ భయంతో నిద్ర పట్టదు, దాన్ని కూడా డాక్టరుకు చెప్పాలి. కానీ చుట్టాల మాట పట్టుకుని ఆపరేషన్‌కు పోవద్దు. మా వీధిలో డెబ్భై దాటిన ఒక పెద్దావిడకు ఇలాంటి చిన్న గడ్డే కనిపిస్తే ఒక చోట "గురువారం అడ్మిట్ అవ్వండి, అడ్వాన్స్ కట్టండి" అన్నారు. పిల్లలు ఇంకో డాక్టరుకు చూపిస్తే ఆయన పాత సీటీ ఏదైనా ఉందా అని అడిగాడు. ఆరేళ్ల కిందట కింద పడినప్పుడు తీసిన సీటీ బీరువాలో దొరికింది. అందులోనూ అదే గడ్డ, దాదాపు అదే సైజు. ఆవిడ ఇప్పటికీ పొద్దున్నే ముగ్గు వేస్తోంది. పాత స్కాన్లు పారేయకండి అని ఇంత గట్టిగా చెప్పేది ఇందుకే.

ఆగడం ఎవరికి పనికిరాదు అంటే, ఫిట్స్ వచ్చినవాళ్లకు, చూపు తగ్గుతున్నవాళ్లకు, చెయ్యో కాలో బలం తగ్గినవాళ్లకు, గడ్డ చుట్టూ మెదడు వాచినవాళ్లకు, రెండు స్కాన్ల మధ్య గడ్డ స్పష్టంగా పెరిగినవాళ్లకు. వయసులో చిన్నవాళ్ల విషయంలోనూ లెక్క మారుతుంది, ముప్పై అయిదేళ్ల మనిషికి ఇంకా నలభై ఏళ్ల పెరుగుదల ముందుంది.

ఆడవాళ్లకు ఒక మాట. మూడు నెలలకోసారి వేసే గర్భనిరోధక ఇంజెక్షన్, మన ప్రభుత్వాసుపత్రుల్లో "అంతర" అని ఇచ్చేది, అందులో ఉండే మందును ఏడాదికి మించి వాడినవాళ్లలో మెనింజియోమా ముప్పు పెరిగినట్టు 2024లో ఫ్రాన్స్‌లో జరిగిన పెద్ద అధ్యయనం చెప్పింది. మొత్తం మీద ఈ గడ్డ వచ్చేది తక్కువమందికే, కాబట్టి వాడుతున్నవాళ్లంతా బెదిరిపోవాల్సిన పని లేదు. గడ్డ ఉందని తేలినవాళ్లు మాత్రం ఈ ఇంజెక్షన్ సంగతి తప్పకుండా చెప్పాలి.

తల తెరిచి చేసే ఆపరేషన్

అక్క గడ్డ కుడి వైపు ముందు భాగంలో, నాలుగు సెంటీమీటర్లు, చుట్టూ వాపు, ఒకసారి ఫిట్స్ కూడా వచ్చింది. ఆమెకు ఆగే దారి లేదు, ఆ సైజుకు రేడియేషన్ కూడా నప్పదు. ఇలాంటి చోట ఆపరేషన్‌కు ఉన్న పెద్ద బలం ఏమిటంటే ఒత్తిడి వెంటనే తగ్గుతుంది, తీసిన ముక్క బయాప్సీకి పోతుంది కాబట్టి అది నిజంగా గ్రేడ్ 1 అవునో కాదో తేలుతుంది, పూర్తిగా వస్తే చాలామందికి అంతటితో అయిపోతుంది.

పూర్తిగా రావడం అనే మాట దగ్గర కాసేపు ఆగాలి, కుటుంబాలు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. 1957లో సింప్సన్ అనే సర్జన్ మెనింజియోమా ఆపరేషన్ల ఫలితాలను లెక్కగట్టారు. గడ్డను, అది పుట్టిన పొరను, దానికి ఆనిన ఎముకను మొత్తం తీసేసినవాళ్లలో 9 శాతం మందికి మళ్లీ వస్తే, గడ్డను కొంత వదిలేసినవాళ్లలో 44 శాతం మందికి మళ్లీ పెరిగింది. అవి ఎంఆర్ఐ లేని రోజులు, ఇప్పుడు పరిస్థితి చాలా మెరుగు, అయినా ఆ వరుస మాత్రం నిజమే, ఎంత ఎక్కువ తీస్తే అంత మంచిది. అయితే గడ్డ పెద్ద రక్తనాళానికో, కంటి నరానికో, ముఖం నరానికో అతుక్కుని ఉన్నప్పుడు ఆ చివరి ముక్క కోసం పట్టుబడితే మనిషి పక్షవాతంతోనో చూపు పోగొట్టుకునో బయటికొస్తాడు. పలచటి పొర వదిలేసి, దాన్ని స్కాన్‌లో గమనించి, పెరిగితే రేడియేషన్ ఇవ్వడం ఇప్పుడు మంచి సర్జన్లు తెలిసి తెలిసి చేసే పని. "కొంచెం వదిలేశాం" అని సర్జన్ బయటికొచ్చి చెబితే ఆయన ఓడిపోయాడని అనుకోవద్దు. ఆపరేషన్‌కు ముందే అడిగి పెట్టుకోండి: అతుక్కుని ఉంటే ఎక్కడ ఆపుతారు?

ఇక ఆపరేషన్ తర్వాత వచ్చే ఇబ్బందులు. మొదటి ఒకటి రెండు రోజులు లోపల రక్తం చేరడం, మెదడు వాయడం, వీటి కోసమే ఐసీయూలో పెట్టి గంట గంటకూ పేరు అడుగుతారు, చేతులు ఎత్తమంటారు. ఆ రోజుల్లో మళ్లీ సీటీ తీస్తారు, కంగారు పడొద్దు. తర్వాతి వారాల్లో కుట్ల దగ్గర చీము, మెదడు నీరు కారడం, కాళ్లల్లో రక్తం గడ్డకట్టడం, ఫిట్స్. ఫిట్స్ గురించి కొంచెం చెప్పాలి. మెనింజియోమా ఉన్నవాళ్లలో సుమారు 30 శాతం మందికి ఆపరేషన్‌కు ముందే ఫిట్స్ వచ్చి ఉంటాయి, వాళ్లలో మూడింట రెండొంతుల మందికి ఆపరేషన్ తర్వాత ఆగిపోతాయి. ముందు ఎప్పుడూ రానివాళ్లలో కూడా పది మందిలో ఒకరికి పైగా తర్వాత కొత్తగా రావచ్చు. అందుకే బండి నడపడం, కోనేరులో ఒంటరిగా మునగడం, మిద్దె మీద పిట్టగోడ లేని చోట పని చెయ్యడం, వీటిని డాక్టరు సరేననే దాకా వాయిదా వెయ్యాలి.

పుస్తకాల్లో చిన్న అక్షరాల్లో ఉండే సంగతులు ఇంట్లో పెద్దవిగా కనిపిస్తాయి. ఆపరేషన్ అయిన మూడో రోజు అక్క కుడి కన్ను వాచి పూర్తిగా మూసుకుపోయింది, రెప్ప నల్లగా కమిలిపోయింది. బావ నర్సును పట్టుకుని "కన్ను పోయిందా" అని ఏడ్చేశాడు. నుదుటి వైపు తెరిచినప్పుడు వాపు కిందికి దిగి కంటి చుట్టూ చేరడం మామూలేనని, నాలుగైదు రోజుల్లో తగ్గుతుందని ఎవరైనా ముందు చెప్పి ఉంటే ఆ రాత్రి అంత నరకంగా ఉండేది కాదు. నమలడానికి వాడే కండను కణత దగ్గర కోస్తారు కాబట్టి రెండు వారాలు నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోలేదు. సంగటి ముద్ద మింగాలని ఎంత ఆశపడినా రాగి జావ గరిటెతో పోయాల్సి వచ్చింది. రోజూ అద్దం ముందు నిలబడి నోరు తెరిచే వ్యాయామం చేశాక మెల్లగా వచ్చింది.

అంతకన్నా బాధపెట్టింది ఆమె స్వభావం. ఇంటి లెక్కలన్నీ నోటితో చెప్పే మనిషి కుక్కర్ మూడు విజిల్స్ లెక్కపెట్టలేక రెండోదో మూడోదో తెలియక స్టవ్ ముందు నిలబడి ఏడ్చింది. చిన్న మాటకు పిల్లల మీద విరుచుకుపడేది. మెదడు దెబ్బతిందని మేమంతా లోలోపల అనుకున్నాం, పైకి ఎవరూ అనలేదు. రెండు నెలలు అలా గడిచాక, చెకప్‌లో మా అక్క కూతురే ధైర్యం చేసి డాక్టరుకు చెప్పింది. ఆయన ఫిట్స్ మాత్ర పేరు చూసి, లెవెటిరాసిటామ్ కొందరికి విపరీతమైన చిరాకు, కోపం తెస్తుందని చెప్పి, దాన్ని మెల్లగా తగ్గిస్తూ వేరే మాత్రకు మార్చాడు. మూడు వారాల్లో మా అక్క మాకు తిరిగొచ్చింది. డిశ్చార్జ్ రోజు ఆ ఒక్క ముక్క ఎవరూ చెప్పలేదు. మతిమరుపు, అలసట మాత్రం ఆపరేషన్‌వే, అవి తగ్గడానికి ఆర్నెల్లు పట్టింది. ఫిట్స్ మాత్రను మీ అంతట మీరు ఆపేయకండి, హఠాత్తుగా ఆపితే ఫిట్స్ వస్తాయి. కోపం ఉందని చెప్పండి చాలు.

వాపు తగ్గడానికి ఇచ్చే డెక్సామెథసోన్ కూడా అంతే. షుగరు పెంచుతుంది, నిద్ర పోగొడుతుంది, కొన్ని రోజుల్లో మెట్టు మెట్టుగా తగ్గించాలి. ఏ రోజు ఎన్ని మాత్రలో కాగితం మీద రాయించుకోకుండా ఆసుపత్రి గడప దాటకండి.

మన తిరుపతిలో ఒక్క మేలు ఉంది. ఆపరేషన్ కోసం అక్క తలకు సగం పైగా గీసేశారు, మిగతాది తనే గీయించేసుకుంది. బజారుకు పోతే కూరగాయలామె "ఏమ్మా, కొండకు పోయొచ్చినారా?" అని అడిగేది, అక్క అవునని తలూపేది. వేరే ఊళ్లో అయితే ప్రతి ఒక్కరికీ గడ్డ కథ చెప్పాల్సి వచ్చేది. మొక్కు సంగతి మాత్రం, కోలుకోగానే అలిపిరి నుంచి 3550 మెట్లు ఎక్కుతానని మొక్కుకున్నవాళ్లు తొందరపడొద్దు. అక్క నాలుగో నెలలో బస్సులో పోయొచ్చింది, మెట్లు ఏడాది తర్వాత ఎక్కింది.

కత్తి లేని దారి, రేడియోసర్జరీ

మా మేనమామ కాణిపాకం దగ్గరి పల్లెలో ఉంటాడు, నాదస్వరం వాయిస్తాడు. ఎడమ చెవిలో హోరు, ఫోన్ ఆ చెవికి పెడితే మాట అర్థం కాకపోవడంతో బయటపడింది, రెండు సెంటీమీటర్ల ష్వానోమా. ఈ గడ్డ పక్కనే ముఖం కండలను కదిలించే నరం పోతుంది. ఆపరేషన్ చేస్తే గడ్డ పోతుంది, కానీ ఆ నరం దెబ్బతింటే నోరు ఒక పక్కకు పోతుంది, కన్ను మూతపడదు. గడ్డ పెద్దదయ్యే కొద్దీ ఆ ప్రమాదం పెరుగుతుంది. ఇంకొకరికి అది అందం సమస్య కావచ్చు. పెదవులు బిగించి సన్నాయి ఊదేవాడికి అది కూడు. ఆయన డాక్టరును అడిగిన ప్రశ్న ఒక్కటే, "చెవి పోయినా పర్వాలేదు సార్, పెదవి ఉంటుందా?"

బెంగుళూరులోని మెదడు జబ్బుల ఆసుపత్రి నిమ్‌హాన్స్‌లో గామా నైఫ్ అనే రేడియేషన్ యంత్రం ఉంది. పేరులో నైఫ్ ఉన్నా కత్తి లేదు. స్వీడన్ సర్జన్ లార్స్ లెక్సెల్ 1960లలో తయారు చేసిన పద్ధతి ఇది, కోబాల్ట్ కిరణాలను దాదాపు రెండు వందల వైపుల నుంచి ఒక్క చోట కలిసేలా పంపుతారు. లినాక్ అనే యంత్రంతో కూడా ఇలాంటి చికిత్సే ఇస్తారు. తలకు మత్తు సూదులు వేసి నాలుగు మరలతో ఒక చట్రం బిగిస్తారు, ఆ బిగించేటప్పుడు తప్ప నొప్పి ఉండదు, ఆ రోజే లేదా మర్నాడు ఇంటికి పంపేస్తారు. పుర్రె తెరవరు కాబట్టి చీము, రక్తస్రావం లాంటి భయాలు దాదాపు లేవు.

అయితే దీన్ని ఆపరేషన్‌కు సుఖమైన బదులుగా అమ్మేవాళ్లను నమ్మొద్దు. గడ్డ పోదు, పెరగకుండా ఆగుతుంది. ష్వానోమాలో పది మందిలో తొమ్మిది మందికి పైగా ఆగుతుంది. మొదటి ఏడాది ఏడాదిన్నరలో గడ్డ కాస్త ఉబ్బినట్టు స్కాన్‌లో కనిపించి మళ్లీ తగ్గవచ్చు, అది తెలియక కొందరు ఫెయిల్ అయిందని పరుగులు పెడతారు. వినికిడి ఏళ్ల మీద మెల్లగా తగ్గుతూనే ఉంటుంది, మామయ్యకూ తగ్గింది. ముక్క తీయరు కాబట్టి బయాప్సీ ఉండదు. సైజు మూడు సెంటీమీటర్లు దాటితే, మెదడు కాండాన్ని నొక్కుతుంటే, నడక తూలుతుంటే ఇది పనికిరాదు, ఆపరేషనే. చూపు నరానికి మరీ దగ్గరగా ఉన్న గడ్డకు ఒక్క రోజులో పెద్ద డోసు ఇవ్వలేరు, అయిదారు వారాల పాటు రోజూ చిన్న డోసులుగా ఇస్తారు. తర్వాత ఎప్పుడైనా ఆపరేషన్ చెయ్యాల్సి వస్తే అతుకులు ఎక్కువై పని కష్టమవుతుంది.

చిన్న ష్వానోమాకు ఆగడమా, వెంటనే రేడియేషనా అన్నదాని మీద నార్వేలో రెండు సెంటీమీటర్ల లోపు గడ్డలున్న 100 మందితో ఒక పరీక్ష చేసి 2023లో ఫలితాలు వేశారు. వెంటనే ఇచ్చినవాళ్లలో గడ్డలు బాగా అదుపులో ఉన్నాయి. ఆగిన వాళ్లలో సగానికి పైగా మందికి నాలుగేళ్లలో ఏ చికిత్సా అవసరం పడలేదు. వినికిడిలో, రోజువారీ బతుకులో రెండు గుంపులకూ పెద్ద తేడా రాలేదు. అంటే చిన్న గడ్డయితే తొందర లేదు, ఆలోచించుకోవడానికి టైం ఉంది. మామయ్యది ఏడాదిలో మూడు మిల్లీమీటర్లు పెరిగాకే చేయించుకున్నాడు. మొన్న శ్రావణంలో మా పక్కింటి పెళ్లికి ఆయనే వాయించాడు, డోలు ఆయనకు కుడి పక్కన కూర్చుంది, వినపడే చెవి వైపు.

ముక్కు గుండా, లేదా ఒట్టి మాత్రలతో

పిట్యూటరీ గడ్డ ఉన్నవాళ్లు ఆపరేషన్ డేట్ తీసుకునే ముందు ప్రొలాక్టిన్ అనే హార్మోన్ రక్తపరీక్ష అయిందా అని చూసుకోండి. ఆ హార్మోన్ ఎక్కువగా తయారుచేసే ప్రొలాక్టినోమా అనే రకానికి ముందు వైద్యం మాత్రలే, వారానికి ఒకటి రెండుసార్లు వేసుకునే కాబర్గోలిన్‌తో చాలామందికి గడ్డ కుంచించుకుపోతుంది, ఆగిన నెలసరి తిరిగొస్తుంది. ఈ రకానికి నేరుగా ఆపరేషన్‌కు పోతే చాలాసార్లు అనవసరంగా కోయించుకున్నట్టే.

మిగతా రకాలకు ఇప్పుడు ఎక్కువగా ముక్కు గుండా, సన్నటి కెమెరా గొట్టం లాంటి ఎండోస్కోప్‌తో తీస్తారు, తల మీద మచ్చ ఉండదు, నాలుగైదు రోజుల్లో ఇంటికి రావచ్చు, నొక్కుకుపోయిన చూపు తిరిగొచ్చే అవకాశం బాగుంటుంది. దీని ఇబ్బందులు వేరు. ముక్కు నుంచి నీళ్లలాంటిది, ఉప్పగా ఉండేది కారితే అది జలుబు కాకపోవచ్చు, మెదడు నీరు కావచ్చు. వంగి చెప్పులు వేసుకునేటప్పుడు టప్పున చుక్క పడితే వెంటనే చెప్పాలి, వదిలేస్తే మెదడు పొరల దాకా ఇన్‌ఫెక్షన్ పోతుంది. మొదటి రోజుల్లో విపరీతమైన దాహం, లీటర్లకొద్దీ మూత్రం రావచ్చు. ఇంటికొచ్చాక, సుమారు వారం రోజుల దగ్గర, రక్తంలో ఉప్పు పడిపోయి తలనొప్పి, వాంతులు, మత్తు రావచ్చు, అందుకే ఏడో రోజు దగ్గర సోడియం పరీక్ష చేయించమని అడగండి. కొందరికి హార్మోన్ మాత్రలు జీవితాంతం కావాలి. స్టెరాయిడ్ మాత్ర వాడేవాళ్లు జ్వరం వచ్చినప్పుడు మానెయ్యకూడదు, డాక్టరు చెప్పినట్టు పెంచాలి. ఇవన్నీ చూసే ఎండోక్రైన్ డాక్టరు, అంటే హార్మోన్ల డాక్టరు, అదే ఆసుపత్రిలో ఉన్నారా అన్నది సర్జన్ ఎవరు అన్నంత ముఖ్యం.

ఎక్కడ చేయించాలి

మన అదృష్టం, చుట్టుపక్కల మంచి చోట్లు ఉన్నాయి. తిరుపతిలో టీటీడీ స్థాపించిన స్విమ్స్ ఆసుపత్రి 1993 నుంచి నడుస్తోంది, న్యూరోసర్జరీ విభాగం ఉంది. ఇంటి నుంచి అన్నం క్యారియర్ పోతుంది, ముగ్గురు నలుగురు వంతులు మార్చుకోవచ్చు, రాత్రి ఏదైనా జరిగితే పావుగంటలో చేరతాం. చిత్తూరు వాళ్లకు వేలూరు గంట ప్రయాణం. అక్కడి సీఎంసీ ఆసుపత్రిలో 1949లో జేకబ్ చాందీ మొదలుపెట్టినదే దేశంలో మొదటి న్యూరోసర్జరీ విభాగం. 2022లో రాణిపేట దగ్గర వాళ్ల కొత్త క్యాంపస్ తెరిచారు, కాబట్టి అపాయింట్‌మెంట్ కాగితంలో ఏ క్యాంపస్ రాసుందో చూసుకుని కాట్పాడిలో దిగాలా ఇంకెక్కడైనా దిగాలా తేల్చుకోండి. రేడియోసర్జరీ ఆలోచన ఉంటే బెంగుళూరు, చెన్నై చూడాల్సి వస్తుంది.

నా అభిప్రాయం సూటిగా చెబుతా. పైపొర మీద, తేలిగ్గా చేరగలిగే చోట ఉన్న మెనింజియోమాకు దగ్గరలో ఉన్న మంచి ఆసుపత్రి చాలు, దూరం పోయి లాడ్జిలో నెల ఉండటం కన్నా ఇల్లు దగ్గరుండటమే ఎక్కువ మేలు చేస్తుంది. పుర్రె అడుగు భాగం, చూపు నరం, వినికిడి నరం, మెదడు కాండం పక్కన ఉన్న గడ్డలకు మాత్రం దూరమైనా సరే ఆ రకం ఆపరేషన్లు తరచుగా చేసే చోటికే పోండి. ఎక్కువ చేసే చోట ప్రాణాపాయం, ఇబ్బందులు తక్కువని చాలా దేశాల లెక్కలు చెబుతున్నాయి. "ఈ రకం గడ్డలు ఏడాదికి ఎన్ని చేస్తారు సార్, మీరే చేస్తారా" అని అడగడం అవమానం కాదు. అక్క సర్జన్ ఆ ప్రశ్నకు నవ్వి, అంకె చెప్పి, తన కేసుల్లో ఎవరికి ఏమైందో కూడా చెప్పాడు. ఇంకో చోట ఇదే అడిగితే "నమ్మకం లేకపోతే పొండి" అన్నారు. మేం వచ్చేశాం. ముఖం నరం పక్కన చేసేటప్పుడు నరాన్ని కనిపెట్టే మానిటర్ వాడతారా అని కూడా అడగండి.

డబ్బు విషయంలో, కార్డు ఉన్నవాళ్లకు ఎన్టీఆర్ వైద్య సేవలో మెదడు గడ్డల ఆపరేషన్లు ఉన్నాయి. కానీ ఏ ఆసుపత్రిలో, ఏ చికిత్సకు వర్తిస్తుందో, ముఖ్యంగా పక్క రాష్ట్రంలోనూ రేడియోసర్జరీకీ, ఆసుపత్రిలో ఆ పథకం పని చూసే ఆరోగ్యమిత్రను ముందే అడగండి, అడ్మిట్ అయ్యాక అడిగితే ఆలస్యం. పేద రోగుల కోసం టీటీడీ ప్రాణదాన ట్రస్టు ఉంది, గుండె, కిడ్నీ, క్యాన్సర్‌తో పాటు మెదడు జబ్బులకూ సాయం చేస్తుంది.

ఏ దారి ఎంచుకున్నా ముందే చేయించాల్సినవి కొన్ని ఉన్నాయి. చూపు నరం దగ్గరిదైతే పక్కలకు ఎంత కనిపిస్తుందో చూసే కంటి ఫీల్డ్ టెస్ట్, చెవి గడ్డయితే వినికిడిని కొలిచే ఆడియోగ్రామ్, పిట్యూటరీ అయితే హార్మోన్లన్నీ. ముందు ఎంతుందో తెలియకపోతే తర్వాత ఎంత పోయిందో తెలియదు. రక్తం పలచబడే మాత్రలు, ఆస్పిరిన్ వాడుతుంటే, నాటు మందులు వాడుతుంటే దాచకుండా చెప్పండి.

ఇంటికొచ్చాక ఈ లక్షణాలు కనిపిస్తే తెల్లారే దాకా ఆగొద్దు: తలనొప్పి రోజురోజుకూ పెరగడం, లేపినా లేవనంత మత్తు, జ్వరంతో మెడ బిగుసుకోవడం, కుట్ల దగ్గర నీరు లేదా చీము, ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పెట్టడం, హఠాత్తుగా ఆయాసం, కొత్తగా మాట తడబడటం, ఫిట్స్. ఎముక దగ్గర ఇన్‌ఫెక్షన్ నెలల తర్వాత కూడా రావచ్చు, "అప్పుడే మానిపోయింది కదా" అనుకోవద్దు.

అక్క బయాప్సీ గ్రేడ్ 1 వచ్చింది, గోరంత ముక్క పెద్ద రక్తనాళం పక్కన వదిలేశారు. అయిదో స్కాన్ వచ్చే నెల. నాలుగు సీడీలూ, ఆపరేషన్ నోట్సూ, బయాప్సీ కాగితమూ ఒకే కవరులో పెట్టి బీరువాలో పట్టుచీరల కింద దాచింది. తీసే మిషన్ మారితే కొలత మారుతుందని అదే సెంటర్‌లో, నరంలోకి ఎక్కించే అదే కాంట్రాస్ట్ మందు‌తో తీయించమన్నారు, బావ ఆ రోజుకు సెలవు పెట్టేశాడు.